బిడ్డతోడి పరదేశోద్యోగము



మా జాలరిపేటలో సముద్రపుహోరు రేయింబవళ్లు వినబడుచునే యుండును. మిట్టమీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భవనములు, క్రింద తెప్పలు, వలలు, వాని నడుమ మా యిండ్లు. పేటనుండి విశ్వవిద్యాలయమునకు నడచిపోవు దారి కొలదిపాటిదే. అయినను ఆ మిట్టనెక్కి పట్టము పుచ్చుకొని దిగివచ్చిన యాడుబిడ్డలు మా వీథిలో నొకరిద్దరే. వారిలో నొకతె మా పొరుగింటిది. తల్లి నలువదియేండ్లుగా గంప నెత్తిన బెట్టుకొని చేపలమ్మినది. కూతురు గణితశాస్త్రమున డాక్టరు పట్టము వడసినది. ఈ నెల మేము వ్రాయబూనినది యామెను గూర్చియే. ఆమె యనుమతితోనే వ్రాయుచున్నాము. పేరు మాత్రము వ్రాయము.

ఆమెకు ఏడేండ్ల కుమారుడు కలడు. భర్తతోడి సంబంధము న్యాయస్థానమున ముగిసినది. కారణములు చదువరులకు నక్కరలేదు. బాలుడు తల్లికడ నుండవలెననియు, తండ్రి నెలకు రెండు దినములు వచ్చి చూచిపోవచ్చుననియు తీర్పు. ఆమె యొక ప్రైవేటు కళాశాలలో పాఠములు చెప్పుచుండెను. అచట జీతము నెలనెలయు రాదు, వచ్చిన నెల సగమే వచ్చును. తల్లికి మోకాళ్ల నొప్పులు. ఇంటి యద్దె, బాలుని బడిరుసుము సరేసరి. గల్ఫుదేశముల విశ్వవిద్యాలయములలో నధ్యాపకత్వమునకు దరఖాస్తులు పెట్టెదనని యామె మాతో నన్నపుడు మే మాశ్చర్యపడలేదు.

సముద్రము దాటుట మన తీరమువారికి క్రొత్తగాదు. పూర్వము ఇచ్చటినుండి రంగూనునకు కూలికై పోయినవారెందరో! బర్మానుండి మరలివచ్చినవారి పేరనే కంచరపాలెమున బర్మాక్యాంపు నేటికిని కలదు. గోదావరి జిల్లాలనుండియు కడపనుండియు ఎందఱో స్త్రీలు కువైటు మొదలగు తావులకు ఇంటిపనులకై పోవుచున్నారు. వారు బిడ్డలను అవ్వలయొద్ద విడిచిపోవుదురు. ఆ కొలువులలో బిడ్డను వెంట నుంచుకొను వీలు లేదు గనుక విడిచిపోవుదురే గాని, మనసొప్పి కాదు. విశ్వవిద్యాలయపు కొలువు వేఱు. ఇందు బిడ్డను రప్పించుకొను దారి కలదు. కాని యది యడిగినగాని తెఱచుకొనదు. ఈ ముక్క మే మాలస్యముగా నెఱిగితిమి.

ఆ దేశములలో నధ్యాపకుల యవసరము నిజముగనే యున్నది. అల్ ఐన్ నగరమున 1976 లోను, ఒమానులో సుల్తాన్ ఖాబూస్ పేర 1986 లోను విశ్వవిద్యాలయములు వెలసినవి. మన విశ్వకళాపరిషత్తు 1926 నాటిది. దానితో పోల్చిన నవి పసిబిడ్డలు. సౌదీలో బాలికలకు ప్రత్యేక విభాగము లుండుటచే స్త్రీలైన యధ్యాపకులను వెదకి తెచ్చుకొందురు. రియాదులోని నూరా రాకుమారి విశ్వవిద్యాలయము కేవలము స్త్రీలకే. పెక్కు తావుల మొదటి సంవత్సరమున విద్యార్థులకు ఆంగ్లమును గణితమును పునాదిగా బోధింతురు. మా పొరుగు సోదరికి పని దొరకున దచ్చటనే.

మొదటిసారి యేమైనదో వినుడు. కంప్యూటరు తెరపై ముఖాముఖి జరిగినది. బిడ్డ సంగతి వారడుగలేదు, ఈమె చెప్పలేదు. బిడ్డగల యొంటరితల్లి యని తెలిసిన నెవరు పిలుతురని యామె భయము. ఉద్యోగపత్రము వచ్చినది. జీతము చూచి ఇంటిల్లిపాదియు సంతోషించిరి. రెండవ పుటలో ‘సింగిల్ స్టేటస్’ అని రెండు మాటలున్నవి. అనగా ఒంటరి యుద్యోగినుల వసతిగృహమున నొక గది, ఒక్కరికే విమానపు టిక్కెట్టు, బిడ్డ చదువునకు భత్యము లేదు, కుటుంబమును రప్పించుటకు సంస్థ పూచీపడదు. ఆమె వ్రాసి యడుగగా, మీ దరఖాస్తులో బిడ్డ యున్నట్లు లేదే యని బదులు వచ్చినది.

ఆ సాయంకాల మామె మా యింటికి వచ్చి ఆ కాగితమును మా చేతి కిచ్చినది. మేమేమంటిమో చెప్పుటకు సిగ్గగుచున్నది. “ఒక్క యేడాదియే గదా, అమ్మయొద్ద విడిచి పొమ్ము, తరువాత చూచుకొనవచ్చును” అంటిమి. ఆమె కోపపడలేదు. “అక్కగారూ, వాని తండ్రి రాకడ నిలిచినప్పుడు వాడు నెలరోజులు తలుపుకడ పండుకొనినాడు. ఇప్పుడు నేనును పోయితినేని వాడు లెక్క యెట్లు కట్టుకొనును?” అన్నది. మే మామాటకు బదులు చెప్పలేకపోతిమి. ఆ యుద్యోగ మామె వదలుకొన్నది.

రెండవసారి మస్కటులోని యొక కళాశాల పిలిచినపుడు మొదటి యయిదు నిమిషములలోనే చెప్పినది: నాకు కుమారుడు కలడు, నేనొక్కతెనే వాని సంరక్షకురాలను, వానితో రాగలిగిననే వత్తునని. తెరపైనున్న ముగ్గురిలో నొక స్త్రీ వాని వయస్సెంత, ఏ తరగతి యని యడిగినది. తక్కిన ప్రశ్నలన్నియు గణితమును గూర్చియే. వచ్చిన పత్రమున కుటుంబవసతియు, బాలునకు టిక్కెట్టును, బడిఖర్చులో కొంతయు వ్రాసియుండెను. దాచుటవలన పోయినది చెప్పుటవలన వచ్చినది. ప్రతిచోటను ఇట్లే యగునని మేమనము. కాని ఇయ్యనివారు ముందే లేదందురు, అదియును లాభమే.

ఇక కాగితముల సంగతి. ఇది కొంత విస్తరించి చెప్పవలెను, ఏలయన నెలలన్నియు నిందులోనే కఱగిపోవును.

పట్టముల కాగితముల కొక దారి యున్నది. హేగు నగరపు 1961 నాటి యొడంబడికను బట్టి విదేశాంగశాఖవా రొక ముద్ర వేయుదురు. దానిని అపోస్టిల్ అందురు. మనదేశమున నది 2005 నుండియు, ఒమానులో 2012 నుండియు, సౌదీలో 2022 డిసెంబరు నుండియు చెల్లుబడి యగుచున్నది. ఆ యొడంబడికలో లేని దేశములకు పోవువారు రాయబార కార్యాలయపు ముద్రను గూడ వేయించుకొనవలెను. అంతకు మునుపు పట్టము నిజమైనదేయని రాష్ట్రప్రభుత్వపు శాఖ ధ్రువపఱుపవలెను. దూరవిద్యలో గడించిన పట్టముల నా దేశములలో పెక్కు తావుల నంగీకరింపరు గనుక, కళాశాలకు పోయియే చదివితిమని విశ్వవిద్యాలయమునుండి పత్రము తెచ్చుకొనుట మేలు. ఇవి విసుగు పుట్టించు పనులే గాని, దుఃఖము పుట్టించునవి కావు.

బిడ్డ కాగితము లట్లు గావు. ప్రతి కిటికీకడను ‘తండ్రి యెచ్చట?’ అను ప్రశ్నయే. ఇది నేటి ప్రశ్నయా? ఛాందోగ్యోపనిషత్తులో జాబాల తన కుమారుడైన సత్యకాముని గురువునొద్దకు పంపుచు తన పేరే చెప్పుకొమ్మన్నది. గురువు గౌతము డంగీకరించినాడు. మన ప్రభుత్వము 2016 డిసెంబరులో నా మాత్రము దయ చూపినది. పాసుపోర్టు దరఖాస్తులో తల్లి లేక తండ్రి, ఒక్కరి పేరున్న చాలునని నియమము మార్చిరి. విడాకుల పత్రము చూపుమను నిర్బంధమును దీసివేసిరి. చట్టమున మాత్రము 1956 నాటి శాసనము హిందూ బాలునకు సహజసంరక్షకుడు తండ్రి, అతని తరువాత తల్లి యని చెప్పుచున్నది. గీతా హరిహరన్ అను రచయిత్రి తన కుమారుని పేర బాండ్లు కొనబోగా, తల్లి సంతకము చాలదని రిజర్వు బ్యాంకువారు త్రిప్పి పంపిరి. ఆమె వ్యాజ్యమాడినది. 1999 లో సుప్రీముకోర్టు ‘తరువాత’ యనగా తండ్రి మరణానంతరమే కాదు, తండ్రి బిడ్డ బాధ్యత వహింపనప్పుడును అని యర్థము చెప్పినది. ఒక్క పదమునకు నలువదిమూడేండ్లకు గాని సరియైన వ్యాఖ్యానము దొరకలేదు!

అయినను గల్ఫుదేశముల కార్యాలయములకు మన వ్యాఖ్యానములు పట్టవు. తల్లి యొక్కతె బిడ్డను రప్పించుకొనవలెనన్న తండ్రి సమ్మతిపత్రమో, బిడ్డ నామెకే యప్పగించిన న్యాయస్థానపు తీర్పో, వితంతువైన మరణపత్రమో కావలెను. అదియు ముద్రలు పడి, అరబ్బీలోనికి మార్చబడినదై. మా పొరుగు సోదరి తీర్పులో తండ్రి నెలకు రెండు దినములు చూడవచ్చునని యున్నదిగదా. ఒమానులోనున్న బాలుని విశాఖలో నెట్లు చూపుట? తీర్పును మీరి తీసికొనిపోయినచో రేపు ఆ తీర్పే యెదురు తిరుగును. కనుక ఆమె మరల న్యాయస్థానమునకే పోయినది. తండ్రికి నోటీసు పోయినది. ఆయన మొదట కాదన్నాడు, తరువాత రాలేదు, తరువాత వచ్చినాడు. తుదకు వారమున కొకసారి ఫోనుతెరపై మాటలాడుటకును, వేసవిసెలవులలో మూడువారములు ఇచ్చట నుంచుటకును ఏర్పాటు చేసి న్యాయమూర్తి యనుమతి నిచ్చిరి. ఎనిమిది నెలలు పట్టినది. ఇది ముందే యారంభించియుండుటచేతనే యుద్యోగము నిలిచినది. పత్రము చేతికి వచ్చిన పిదప నారంభించినవారికి కళాశాలవా రెనిమిది నెలలు వేచియుందురా?

నన్నయగారి శకుంతలకు ఉంగరము లేదు. అది కాళిదాసు కల్పన. భారతమున నామె కొడుకు చేయిపట్టుకొని నిండుసభకు వచ్చి నిలిచినది, ఆకాశవాణి సాక్ష్యము పలికినది. మా సోదరి న్యాయస్థానమునుండి ఎఱ్ఱబారిన కన్నులతో వచ్చిన దినమున మాకా ఘట్టమే తలపునకు వచ్చినది. ఆకాశవాణికి అపోస్టిల్ అక్కరలేదు.

ఏజెంట్ల మాట యొకటి చెప్పి ముందునకు పోయెదము. అధ్యాపకుని చేర్చుకొను నిజమైన విశ్వవిద్యాలయము అభ్యర్థినుండి రూపాయి యడుగదు. అడిగినచో ఆ యుత్తరమును చించివేయుడు.

చదువరులు గుర్తుంచుకొనవలసిన చిక్కు మఱియొకటి కలదు. తల్లియు బిడ్డయు ఒకే విమానమున పోవుదురని మేమనుకొంటిమి. అట్లు కాదు. సాధారణముగా తల్లి ముందు పోయి, వైద్యపరీక్షలై, నివాసపత్రము చేతికి వచ్చిన పిమ్మట గాని బిడ్డకై దరఖాస్తు పెట్టుటకు వీలులేదు. అనగా కొన్ని వారములో నెలలో ఎడబాటు తప్పదు. ఒక్క యేడాది విడిచి పొమ్మన్న మా సలహాను కాదన్నయామెకు తుదకు మూడునెలలైనను విడువవలసివచ్చినది. అందుకై బడికిని, వైద్యునికిని అవ్వ సంతకము చెల్లునట్లు ఆమె వ్రాతపూర్వకమైన యధికారమిచ్చి పోయినది. అవ్వకు వ్రేలిముద్రయే వచ్చును. మా వా రామెకు నెలదినములు కూర్చుండబెట్టి పేరు వ్రాయుట నేర్పిరి. ఏబదియేండ్లు బడి మొగము చూడని చేయి. ‘ల’ వ్రాయుమన్న గాలము వ్రాసెడిది.

తల్లి పోయిన రాత్రి బాలుడు తలుపుకడ పండుకొనలేదు. క్యాలెండరులో తొంబది గళ్లు లెక్కపెట్టి, తల్లి వ్రాసియిచ్చిన లెక్కల పుస్తకమున దినమున కొక పుట చొప్పున చేయుచు, పుట పూర్తియైన గడిని కొట్టివేయుచుండెను. తెచ్చి మా వారిచేత దిద్దించుకొనెడివాడు. ఎనుబదినాల్గవ పుటనాడు వీసా వచ్చినది. వచ్చు శుక్రవారము, ఆ దేశమున వారపుసెలవు, తల్లి తానే వచ్చి తీసికొనిపోవును.

నిన్న అవ్వ మా వాకిట కూర్చుండి, “అమ్మగారూ, ఆ దేశంలో వంజరం దొరుకుతాదా? పిల్లడు వంజరం లేందే ముద్దెత్తడు” అన్నది. దొరకును, వారు దానిని కనద్ అందురు, ఒమాను తీరమున మెండుగా పడును అంటిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, “అయితే కిలో ఎంతంటారు అక్కడ?” అని యడిగినది.