వరస తెలిసిన పరాచికం

కాలేజీ వార్షికోత్సవంలో అడవి మనిషి పాత్ర ఉందంటే వేషం ఎలా ఉంటుందో అందరికీ ముందే తెలుసు. ఒంటికి నల్లరంగు, నడుముకు ఆకులు, తలమీద ఈకలు, నోట అర్థంలేని కూతలు. సినిమాల్లోని కోయదొర వేషాలు దశాబ్దాలుగా నేర్పిన పాఠమిది. వేసే కుర్రాళ్ల మనసులో ద్వేషం ఉండదు, చూసేవాళ్లు విరగబడి నవ్వుతారు. అసలు అడవి నుంచే వచ్చిన విద్యార్థి ఒకరు వెనక బల్ల మీద కూర్చుని ఉండొచ్చన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. అలాంటి పిల్లలు కాలేజీ గడప దాకా వచ్చిందే తక్కువ కాబట్టి ఇంతకాలం ఆ ఆలోచన లేకుండానే గడిచిపోయింది.

ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా జగర్గుండానే చూడండి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక ఆ ఊరు కంచె మధ్య శిబిరంగా మారింది. 2006లో బడి మూతపడింది. మళ్లీ తలుపులు తెరిచింది 2019లో. పదమూడేళ్లు! ఒక తరం చదువు అందులో కొట్టుకుపోయింది. సల్వాజుడుంను సుప్రీంకోర్టు తప్పుపట్టిన 2011 నాటికే బస్తర్ నుంచి వేలాదిమంది ఉమ్మడి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి, గోదావరి మన్యంలోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. మిరప కోతలకు ఏటా వచ్చి వెళ్లేవాళ్లు వేరే. జగర్గుండా బడి తెరిచిన నాడు పన్నెండేళ్లున్న పిల్లలు ఇప్పుడు కాలేజీ ఈడుకొచ్చారు. ఇంట్లో గోండి, బడిలో హిందీ, ఇటు వస్తే తెలుగు. ఆ మూడో భాషలో మాట తడబడితే మన పిల్లలు దాన్ని అనుకరించి చూపిస్తారు. మూడు భాషల్లో నెగ్గుకొస్తున్నందుకు మెచ్చుకునేవాళ్లు ఎందరు?

ఇలాంటి నవ్వు తగదన్న మాట ఎత్తగానే వచ్చే జవాబు మనకు తెలిసిందే. పొలిటికల్ కరెక్ట్‌నెస్ పేరుతో నవ్వును చంపేస్తున్నారంటారు. అమెరికాలో హాస్యనటుడు క్రిస్ రాక్ 2014లో తాను కాలేజీల్లో ప్రదర్శనలు మానేశానని చెప్పాడు. విద్యార్థులు ఎవరినీ నొప్పించకూడదన్న పట్టింపులో పడిపోయారన్నది ఆయన ఫిర్యాదు. మరుసటి ఏడాది మరో హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్ కూడా దాదాపు అదే అన్నాడు. వాళ్ల బాధలో నిజం లేదని కొట్టిపారేయలేం. మన దగ్గర పరిస్థితి ఇంకా ముదిరింది కూడా. కల్లుగీత వృత్తివారి ఇంటి ఆడవాళ్లను కించపరిచే స్కిట్ వేశాడంటూ 2014లో జబర్దస్త్ నటుడు వేణుపై హైదరాబాద్‌లో దాడి జరిగింది. 2022 ఆగస్టులో స్టాండప్ కమెడియన్ మునవ్వర్ ఫారూఖీ అదే నగరంలో నాలుగు జోకులు చెప్పుకోవడానికి భారీ పోలీసు కాపలా అవసరమైంది. చెయ్యి చేసుకున్న చోట, బెదిరించిన చోట ఎవరూ మర్యాద నేర్చుకోరు, భయం నేర్చుకుంటారు. ఈ పత్రిక ఆ పక్షాన ఎన్నడూ నిలవదు.

అయితే గుంపు చేసే దాడినీ, తోటి విద్యార్థి 'నాకు బాధగా ఉంది' అని చెప్పుకోవడాన్నీ ఒకే గాటన కట్టలేం. ఆ మాట అనడానికి ఆ పిల్లకో పిల్లవాడికో ఎంత ధైర్యం కావాలి! విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016లో ర్యాగింగ్ నిర్వచనాన్ని విస్తరించింది. రంగు, జాతి, కులం, రూపం, ప్రాంతం, మాట్లాడే భాష, పుట్టిన చోటు, ఆర్థిక స్థితి ఆధారంగా తోటి విద్యార్థిని మానసికంగా వేధించినా ర్యాగింగే అని చేర్చింది. మంచి నిబంధనే. కానీ నవ్వించే తీరును నిబంధనలతో నేర్పలేం. అది పెంపకంలో రావాలి.

ఆ పెంపకం ఆదివాసుల దగ్గర దండిగా ఉంది. ఎవరు ఎవరితో పరాచికాలాడవచ్చో, ఎవరితో కూడదో గోండు, కోయ సమాజాల్లో వరసలే చెబుతాయి. మేనరికపు వరసైన బావామరదళ్లు ఎంతైనా ఆటపట్టించుకోవచ్చు, ఎవరికీ కోపం రాకూడదు. తమ్ముడి భార్యతో బావగారు మాత్రం హద్దులో ఉండాలి, చనువు పనికిరాదు. మన ఇళ్లలోనూ ఇదే పద్ధతి కదా! పెళ్లిలో వియ్యాలవారిని పాటలు కట్టి దెప్పినా నవ్వుకుంటూ పోతారు. ఎందుకంటే రేపు వాళ్లూ తిరిగి అనగలరు. అవతలివాళ్లకూ అంతే హక్కు ఉంటుందన్న పూచీ మీదే ఆ చనువు నిలబడింది. దారినపోయే మనిషిని అదే మాట అంటే తగవవుతుంది.

కాలేజీలో ఈ వరసలేవీ ఉండవు. ఎక్కడెక్కడి పిల్లలో ఒక్కచోట చేరతారు. వేదిక, మైకు, తీర్పు చెప్పే కుర్చీలు ఎప్పుడూ ఒకవైపువాళ్లవే అయితే రెండోవైపువాళ్లకు మిగిలేది నవ్వులపాలు కావడమే. ఆదివాసీ పిల్లల చేత మనం వేయించేది కూడా కొమ్ము నృత్యం ఒక్కటే. చప్పట్లు కొట్టి, ఫొటోలు తీసుకుని పంపిస్తాం. వాళ్లలోనూ నవ్వించేవాళ్లు ఉంటారని, వాళ్ల కంటికి మనమూ విడ్డూరంగా కనిపిస్తామని ఊహించం. సంతకొచ్చే షావుకారి తూకం గురించి, సర్వేకొచ్చి దారి తప్పిన ఉద్యోగి గురించి, అడవిని చూడ్డానికొచ్చి అడవినిండా ప్లాస్టిక్ సీసాలు వదిలివెళ్లే మన గురించి వాళ్లు చెప్పగలిగే కథలు ఎన్ని ఉంటాయో!

కాలేజీల్లో సాంస్కృతిక కార్యక్రమాలు చూసే అధ్యాపకులకు, విద్యార్థి నాయకులకు మా విన్నపం ఒక్కటే. ఈసారి వార్షికోత్సవంలో ఆకుల నడికట్లు, నల్లరంగు డబ్బాలు మానేయండి. హాస్య ప్రదర్శన ఒకటి మన్యం నుంచి, బస్తర్ నుంచి వచ్చిన పిల్లలకు అప్పగించండి. ఏం చెప్పాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. వాళ్లు మన మీద జోకులు వేస్తే ముందు వరుసలో కూర్చుని నవ్వండి.