పక్కవాడి లెక్క మన రైఫిలుకి పనికిరాదు

తూటాలు ఇంట్లో తయారుచేసుకుంటానంటే మనవాళ్ళు రెండే మాటలంటారు. ఒకటి, "నీకు పిచ్చి". రెండు, "డబ్బులేమన్నా మిగుల్తాయా?". మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి ఉంది: పెట్టిన టైముకి విలువ కడితే ఏమీ మిగలవు.

ఇక్కడ అమెరికాలో వేటకెళ్ళేవాళ్ళకి ఇది మామూలు వ్యాపకమే. సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, చేసి అమ్మితే మాత్రం కావాలి. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు చెయ్యడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అక్కడ వేట కూడా లేదు. కాబట్టి నేను చెప్పేదంతా ఇక్కడి సంగతే.

పని చూడ్డానికి సులువే. పేల్చిన తూటాలో ఇత్తడి కేసు మళ్ళీ పనికొస్తుంది. దాన్ని డైలో నొక్కి పాత కొలతకి తేవాలి, పొడవు పెరిగితే కత్తిరించాలి, కొత్త ప్రైమర్ పెట్టాలి, మందు తూచి పొయ్యాలి, పైన గుండు కూర్చోబెట్టాలి. మందు తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రాముకి దాదాపు 15.4 గ్రెయిన్లు. అంటే మనం మాట్లాడేది ఎంత చిన్న తేడాల గురించో చూడండి.

నా రైఫిలు 7×57 మౌజర్. 1892 నాటి జర్మన్ తూటా. 1898 లో క్యూబాలో స్పెయిన్ సైనికులు అమెరికన్ల మీద, ఆ తర్వాతి ఏడాది మొదలైన యుద్ధంలో దక్షిణాఫ్రికా బోయర్లు బ్రిటిష్ వాళ్ళ మీద పేల్చింది దీన్నే. ఇంగ్లండులో దీనికే .275 రిగ్బీ అని పేరు. చంపావత్ లో మనుషుల్ని తినే పులిని చంపినందుకు 1907 లో జిమ్ కార్బెట్ కి బహుమతిగా ఇచ్చిన రైఫిలు ఈ తూటాదే. భుజానికి పెద్దగా దెబ్బ తగలదు, జింకకి చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ తూటాకి అమెరికా ప్రమాణాల సంస్థ సామి పెట్టిన గరిష్ఠ ప్రెషర్ 51,000 పీఎస్ఐ. అదే మందం గుండుని పేల్చే 7ఎంఎం-08 రెమింగ్టన్ కి 61,000. ఎందుకింత తేడా? 1893, 1895 మోడల్ మౌజర్లు ఇంకా జనం దగ్గర ఉన్నాయి. 1898 మోడల్లో అదనంగా చేర్చిన మూడో లాకింగ్ లగ్గు వాటికి లేదు. ఫ్యాక్టరీవాడు చేసిన డబ్బా ఏ తుపాకీలోకి పోతుందో వాడికి తెలీదు. అందుకని అన్నిటికంటే బలహీనమైనదాన్ని దృష్టిలో పెట్టుకుని చేస్తాడు. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ, అంతే! యూరప్ సంస్థ సీఐపీ ఇదే తూటాకి సుమారు 56,500 దాకా ఒప్పుకుంటుంది.

ఫ్యాక్టరీకి మీ తుపాకీ ఏదో తెలీదు, మీకు తెలుసు. ఇంట్లో తూటా చేసుకోవడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదొక్కటే. మన బారెల్ కి ఏ గుండు నప్పుతుందో, ఏ మందుతో గుంపు దగ్గరగా పడుతుందో వెతుక్కోవచ్చు.

కానీ అదే మాటని తిరగేసి చూడండి. మీ తుపాకీ సంగతి పక్కవాడికి తెలీదు. అయినా షూటింగ్ రేంజిలో మొదట వినపడే ప్రశ్న "ఎన్ని గ్రెయిన్లు పోస్తున్నావ్?" అనే. "ఇరవై ఏళ్ళుగా ఇదే పోస్తున్నా, ఏమీ కాలేదు" అని ఓ పెద్దాయన అంకె చెప్తాడు. ఈ మాట మనం ఆఫీసులో రోజూ వినేదే: "నా మెషిన్లో పనిచేస్తోంది!"

ఆయన మెషిన్ వేరు. ఆయన వాడే కేసు గోడలు పల్చగా ఉండొచ్చు. మీది మందంగా ఉంటే లోపల చోటు తగ్గి, అంతే మందుకి ప్రెషర్ ఎక్కువొస్తుంది. గుండు బారెల్ గాడుల్ని తాకేట్టు కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. మందు పేర్ల గోల చూడండి: హెచ్ 4831 అని ఒకటి, ఐఎంఆర్ 4831 అని ఇంకొకటి. అంకె ఒకటే, మందు వేరు. రెండోది త్వరగా కాలుతుంది. మొదటిదాని లెక్క రెండోదానికి వాడితే ప్రమాదం. ఫోన్లో "4831" అని మాత్రమే విన్నవాడి గతేంటి?

అందుకే మాన్యువల్లో మొదటి అంకె, చివరి అంకె అని రెండుంటాయి. మొదటిదానితో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టుకుని చూడాలి. పుస్తకంలో ఉన్న వేగం ముందే వచ్చేసిందంటే ప్రెషర్ కూడా ముందే వచ్చేసినట్టు, అక్కడ ఆగాలి. ప్రైమర్ చదునవడం, బోల్టు బిగుసుకోవడం లాంటి గుర్తుల్ని నమ్ముకోవద్దు. అవి కనపడేసరికి సాధారణంగా హద్దు దాటిపోయి ఉంటాం. బోల్టు ఉండేది మన కంటికి జానెడు దూరంలో. ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు.

హెచ్1 మీద ఉన్న మిత్రులకి ఇంకో ముక్క. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఆ చట్టంలో తూటా అంటే ఖాళీ కేసు, ప్రైమరు, గుండు, మందు విడివిడిగా కూడా. "నేను పేల్చట్లేదుగా, ఫ్రెండు దగ్గర కూర్చుని నేర్చుకుంటున్నా" అనుకుని ప్రైమర్ల డబ్బా ఇంటికి తెచ్చుకుంటే గ్రీన్ కార్డుకే ఎసరు రావచ్చు. ముందు లాయర్ని అడగండి.

నా మటుకు నాకు తూటా చెయ్యడమంటే ఫ్యాక్టరీవాడి టెస్టింగ్ పని మన నెత్తిన వేసుకోవడం. ఆ పనికి ఓపిక లేకపోతే డబ్బా కొనుక్కోవడమే మేలు, జింకకి ఆ తూటా చాలు. ఎవరన్నా నా లెక్క ఎంతని అడిగితే అంకె చెప్పను. మాన్యువల్ పేరు, పేజీ నంబరు చెప్తాను. "పెద్ద ఫోజు కొడుతున్నాడు" అనుకున్నా ఫర్లేదు.