గాయకుడి ప్రాణానికి పూచీ ఎవరిది?

2022 మే 29, ఆదివారం సాయంత్రం. పంజాబ్‌లోని మాన్సా జిల్లా జవహర్‌కే గ్రామంలో ఒక వాహనాన్ని అడ్డగించి దుండగులు తూటాల వర్షం కురిపించారు. వాహనం నడుపుతున్న యువకుడు కొద్దిసేపటికే ప్రాణాలు విడిచాడు. పక్కన, వెనుక కూర్చున్న ఇద్దరు గాయాలతో బయటపడ్డారు. మృతుడి పేరు శుభ్‌దీప్ సింగ్ సిద్ధూ. ప్రపంచానికి తెలిసిన పేరు సిద్ధూ మూసేవాలా. మరో రెండు వారాలు గడిచి ఉంటే ఆయనకు ఇరవై తొమ్మిదేళ్లు నిండేవి.

ఆ హత్యకు సరిగ్గా ఒకరోజు ముందు పంజాబ్ ప్రభుత్వం 424 మంది ప్రముఖులకు పోలీసు భద్రతను తగ్గించడమో, ఉపసంహరించడమో చేసింది. జూన్ 6న వచ్చే ఆపరేషన్ బ్లూస్టార్ వార్షికోత్సవానికి బందోబస్తు అవసరమనీ, ఈ ఏర్పాటు తాత్కాలికమనీ అధికారుల వివరణ. మూసేవాలాకు ఉన్న నలుగురు కమాండోలలో ఇద్దరిని వెనక్కి పిలిపించారు. ఇంతవరకు దీనిని పరిపాలనకు సంబంధించిన నిర్ణయంగానే భావించవచ్చు. ఏ ప్రభుత్వానికైనా పోలీసు బలగం అక్షయపాత్ర కాదు. ఒకచోట తగ్గిస్తేనే మరోచోటికి పంపగలదు. అయితే ఆ జాబితా పేర్లతో సహా పత్రికలకు, టెలివిజన్‌కు, సామాజిక మాధ్యమాలకు చేరిపోయింది. వి.ఐ.పి. సంస్కృతికి చరమగీతం పాడుతున్నామని అధికార పక్షం దానిని ఘనకార్యంగా చాటుకుంది. ఎవరి ఇంటి తలుపుకు గొళ్లెం తీసేశారో ఊరంతా దండోరా వేయించిన చందంగా జరిగింది ఈ వ్యవహారం.

హత్య అనంతరం ఈ వ్యవహారం పంజాబ్, హర్యానా ఉన్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. జాబితా బహిర్గతం కావడంపై న్యాయస్థానం ప్రశ్నించింది. జూన్ 7 నుంచి అందరికీ భద్రతను పునరుద్ధరిస్తామని ప్రభుత్వం విన్నవించుకుంది. మూసా గ్రామంలోని సొంత పొలంలో ఆ యువకుడి చితి చల్లారి అప్పటికి వారం.

న్యాయంగా చెప్పుకోవాలంటే, మిగిలిన ఇద్దరు గన్‌మెన్‌ను కూడా ఆయన ఆనాడు వెంట తీసుకుపోలేదు. తూటాలను తట్టుకునే వాహనం ఇంటివద్దే ఉండిపోయింది. తండ్రి బల్కౌర్ సింగ్ ఆ ఇద్దరు గన్‌మెన్‌ను వెంటబెట్టుకుని మరో వాహనంలో వెనుక బయలుదేరినట్లు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో ఉంది. ఆ తండ్రి చేరేసరికే ఘోరం జరిగిపోయింది. కనుక ఆ ఇద్దరిని తగ్గించకుండా ఉంటే ఆయన బతికేవాడని ఎవరూ రూఢిగా చెప్పలేరు. నలుగురికి ఎదురు నిలిచే ఏర్పాట్లతో హంతకులు వచ్చి ఉండేవారేమో కూడా. కానీ ఈ వాదాన్ని అడ్డం పెట్టుకుని ప్రభుత్వం చేతులు దులుపుకోజాలదు. రక్షణ పొందుతున్న వ్యక్తి అజాగ్రత్తగా ఉండవచ్చు; ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, కోట్లాది అభిమానుల ఆరాధన నడుమ మృత్యువు తన జోలికి రాదనుకోవడం సహజం. ఆ అజాగ్రత్తను కూడా లెక్కలోకి తీసుకుని పథకం రచించడమే భద్రతా విభాగం వృత్తిధర్మం.

ఈ ఉదంతంలో రాజకీయపు నీడను విస్మరించడానికి వీలులేదు. మూసేవాలా 2021 డిసెంబరులో కాంగ్రెస్‌లో చేరి, మరుసటి ఫిబ్రవరిలో మాన్సా శాసనసభ స్థానంలో పోటీచేసి ఆమ్ ఆద్మీ పార్టీ అభ్యర్థి చేతిలో ఘోరంగా ఓడిపోయారు. ఓడించిన పార్టీ ప్రభుత్వమే రెండు నెలలు తిరిగేసరికి ఆయన భద్రతను తగ్గించింది. ఇందులో దురుద్దేశం ఉన్నదని ఈ వ్యాసకర్త భావించడం లేదు. 424 మందిలో అన్ని పక్షాలవారూ ఉన్నారు. కాని నిర్ణయం చేసేది ఎవరో, ఏ కొలమానంతో చేస్తారో జనానికి తెలియని చోట అనుమానం పుట్టక మానదు. అభిమానుల ఆగ్రహంలో సగం ఆ అనుమానం నుంచి పుట్టినదే.

ఆ అభిమానుల సంగతే ఇక్కడ కొంత నిదానంగా ఆలోచించవలసి ఉంది. తమ గాయకుడి క్షేమం గురించి వారు పడే ఆవేదన నిజమైనది. పంజాబ్ పల్లెల్లోనే కాదు, కెనడాలోని బ్రాంప్టన్‌లోనూ, ఇంగ్లండ్‌లోనూ ఆయన కోసం కన్నీరు కార్చినవారున్నారు. రైతుబిడ్డ, లూధియానాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి కెనడా వెళ్లినవాడు, తన ఊరి పేరునే ఇంటిపేరుగా ధరించి ప్రపంచ వేదిక ఎక్కినవాడు వారికి సొంతమనిషి కావడంలో వింత లేదు. ఆ ఆప్యాయత చాటునే మృత్యువు ఆయన వాకిటికి వచ్చిందన్నది పోలీసుల అభియోగపత్రం చెబుతున్న కథ. అభిమానినంటూ ఇంటిముందు నిలబడి, ఆయనతో ఫొటో దిగి, ఆయన కాపలా లేకుండా బయలుదేరిన వర్తమానాన్ని ఫోన్‌లో హంతకులకు చేరవేశాడన్నది ఒక నిందితునిపై ఉన్న ఆరోపణ. నిజానిజాలు న్యాయస్థానం తేల్చాలి. కానీ ఆ వాకిట ఆనాడు నిలబడిన పదిమందిలో ఎవరు ప్రేమతో వచ్చారో, ఎవరు పొంచి వచ్చారో ఏ గాయకుడికి తెలుస్తుంది? 1980 డిసెంబరు 8న న్యూయార్క్‌లో జాన్ లెనన్ తనను కాల్చి చంపినవాడికి కొద్ది గంటల ముందే సంతకం చేసి ఇచ్చాడు.

నేటి అభిమానం చేతిలో కెమెరా కూడా ఉన్నది. గాయకుడు ఏ హోటల్లో దిగాడో, ఏ దాబా వద్ద టీ తాగాడో, ఏ బాటన పోతున్నాడో క్షణాల్లో లోకానికి వెల్లడవుతున్నది. పూర్వం హంతకుడు రోజుల తరబడి కాపు కాయవలసి వచ్చేది. ఇప్పుడా శ్రమను అభిమానులే, ఎంతో మురిపెంతో, తగ్గించి పెడుతున్నారు. భద్రత పెంచాలని ఒకవంక ప్రభుత్వానికి విజ్ఞప్తులు పంపుతూ మరోవంక అదే చేత్తో ఆయన ఆచూకీని ప్రకటించడంలోని వైరుధ్యం వారికి ఎందుకు తట్టదో ఆశ్చర్యం. హత్యకు రెండు వారాల ముందు విడుదలైన ‘ది లాస్ట్ రైడ్’ అనే పాటలో ఆయన తన మరణాన్ని ముందే చూశాడని నేటికీ చెప్పుకునేవారున్నారు. ఈ భవిష్యవాణి కథలు దుఃఖానికి ఉపశమనం కావచ్చునేమో కాని దర్యాప్తుకు మాత్రం అడ్డుతెర. విధి రాసిన చావుకు ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు; మనుషులు పన్నిన చావుకు చెప్పాలి.

పంజాబ్‌కు ఇది కొత్త గాయం కాదు. 1988 మార్చి 8న జలంధర్ జిల్లా మెహ్సంపూర్‌లో కచేరీకి వచ్చి కారు దిగుతున్న అమర్ సింగ్ చమ్‌కీలానూ, ఆయన భార్య, గాయని అమర్‌జోత్‌నూ, బృందంలోని మరో ఇద్దరినీ పట్టపగలు కాల్చిచంపారు. చమ్‌కీలాకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. ఆ కేసులో హంతకులెవరో నేటికీ తేలలేదు. 2024లో ఇంతియాజ్ అలీ తీసిన చిత్రం, దానికి ఎ.ఆర్.రెహమాన్ సమకూర్చిన సంగీతం పుణ్యమా అని దక్షిణాదివారికి కూడా ఆ పేరు తెలిసింది.

తెలుగునాటికీ ఈ అనుభవం లేకపోలేదు. 1997 ఏప్రిల్ 6న హైదరాబాద్ ఆల్వాల్‌లో ప్రజాగాయకుడు గద్దర్‌పై ఆయన ఇంటివద్దే కాల్పులు జరిగాయి. ఆయన బతికి బయటపడ్డారు. 2023లో కన్నుమూసేవరకు ఒక తూటాను వెన్నులో మోస్తూనే పాడారు. అదే 1997 ఆగస్టులో ముంబయిలో కేసెట్ల వ్యాపారి గుల్షన్ కుమార్‌ను గుడి వెలుపల చంపారు. ఒకచోట రాజకీయ విభేదం, మరొకచోట డబ్బుగుంజే ముఠాలు; కారణాలు వేరు కావచ్చు. పాటకు జనంలో ఉన్న బలమే దానిని గురిగా మార్చిందన్న సంగతిలో తేడా లేదు.

తుపాకి పట్టనక్కరలేకుండానే పాటను చంపవచ్చునని 2013లో శ్రీనగర్ చూపింది. ‘ప్రగాష్’ పేరిట బృందం కట్టిన ముగ్గురు పాఠశాల బాలికలపై ఇంటర్నెట్‌లో అసభ్య దూషణలు, బెదిరింపులు వచ్చిపడ్డాయి. వారి పాట మతవిరుద్ధమని గ్రాండ్ ముఫ్తీ ప్రకటించారు. ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా బాహాటంగా వారి పక్షం వహించినా, పిల్లలు వాయిద్యాలు మూటగట్టేశారు. 2017లో అస్సాంలో పదహారేళ్ల నాహిద్ ఆఫ్రీన్ కచేరీకి వ్యతిరేకంగా నలభై ఆరుమంది పేర్లతో కరపత్రాలు వెలిసినప్పుడు ముఖ్యమంత్రి శర్వానంద సోనోవాల్ భద్రతకు హామీ ఇచ్చారు; పాట మాననని ఆ బాలిక నిబ్బరంగా ప్రకటించింది. మన పొరుగున పెషావర్‌లో 2012 జూన్‌లో పష్తో గాయని గజాలా జావేద్‌నూ, ఆమె తండ్రినీ నడివీధిలో కాల్చిచంపారు. కరాచీలో 2016లో ఖవ్వాలీ విద్వాంసుడు అమ్జద్ సాబ్రీ బలయ్యారు.

మూసేవాలా పాటల్లో తుపాకుల మోత ఎక్కువన్నది వాస్తవం. 2020లో ఫైరింగ్ రేంజిలో తుపాకి పేల్చిన వీడియోపై ఆయనపై కేసులు నమోదయ్యాయి. ఆయన మరణానంతరం, 2022 నవంబరులో, ఆయుధాలను కీర్తించే పాటలను పంజాబ్ ప్రభుత్వం నిషేధించింది. “కత్తి పట్టినవాడు కత్తికే బలయ్యాడు” అని తేలికగా తీర్పు చెప్పేవారు ఆనాడూ ఉన్నారు. పాటపై అభ్యంతరముంటే కేసు పెట్టవచ్చు, విమర్శించవచ్చు, వినకుండా ఉండవచ్చు. ప్రాణరక్షణ సత్ప్రవర్తనకు ఇచ్చే బహుమానం కాదు. బెదిరింపు ఎంత వాస్తవమన్నదొక్కటే దానికి ప్రాతిపదిక కావాలి.

ఈ ప్రాతిపదికే మన దేశంలో గల్లంతయింది. గన్‌మెన్ హోదాకు చిహ్నమైపోయారు. ఎదురుగా జీపు, వెనుక జీపు లేనిదే శాసనసభ్యుడికి ఊళ్లో పరువు నిలవదు. బెదిరింపు లేనివారికి బలగాన్ని పంచిపెట్టి, ఉన్నవారి దగ్గర కోత కోయడం ఆ జాడ్యం ఫలితమే. హోదా భద్రతను తొలగించడంలో పంజాబ్ ప్రభుత్వ ఉద్దేశం మెచ్చదగినదే కావచ్చు. అయితే హోదా భద్రతనూ, ప్రాణభద్రతనూ ఒకే కత్తెరతో కత్తిరించడం పొరపాటు.

ప్రత్యామ్నాయం లేదా అంటే, చట్టంలోనే ఒక నమూనా ఉన్నది. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించింది. దాని ప్రకారం ప్రమాద తీవ్రతపై పోలీసులు వెనువెంటనే నివేదిక ఇవ్వాలి. జిల్లా సెషన్స్ న్యాయమూర్తి అధ్యక్షతన గల సంఘం నిర్ణయం తీసుకోవాలి. వివరాలు గోప్యంగా ఉండాలి. ముఠాల బెదిరింపులు ఎదుర్కొంటున్న కళాకారులకు, వ్యాపారులకు కూడా ఇటువంటి పద్ధతినే ఎందుకు వర్తింపజేయరాదు? నిర్ణయం మంత్రి పేషీ నుంచి న్యాయమూర్తి సన్నిధికి మారితే రాజకీయ అనుమానం సగం తీరుతుంది. గోప్యత తప్పనిసరయితే జాబితాలు బజారున పడవు. ఉపసంహరణకు ముందు సంబంధిత వ్యక్తికి నోటీసు, జవాబుకు గడువు ఇవ్వడం పెద్ద ఖర్చుతో కూడిన సంస్కరణ కూడా కాదు.

గన్‌మెన్‌తోనే సమస్య తీరదన్నదీ నిజమే. మూసేవాలా హత్యకు కుట్ర పన్నాడన్న అభియోగం ఎదుర్కొంటున్న లారెన్స్ బిష్ణోయ్ హత్య జరిగిన నాటికి తీహార్ జైలులో ఉన్నాడు. హత్యకు బాధ్యత తనదని ప్రకటించుకున్న గోల్డీ బ్రార్ కెనడాలో ఉన్నాడు. బిష్ణోయ్ నిర్బంధంలో ఉండగానే ఇచ్చిన ఇంటర్వ్యూలు 2023 మార్చిలో టెలివిజన్‌లో ప్రసారమైనప్పుడు దేశం నివ్వెరపోయింది. వాటిలో ఒకటి పంజాబ్ పోలీసుల ఆవరణలోనే చిత్రీకరించారని ప్రత్యేక దర్యాప్తు బృందం తేల్చగా, 2025 జనవరిలో ఒక డి.ఎస్.పి. ఉద్యోగం ఊడింది. ఖైదీ గదిలో ఫోన్ మోగుతుండగా గాయకుడి ఇంటిముందు ఇద్దరు కమాండోలను నిలబెట్టి ప్రయోజనమేమిటి? ముఠాలు సరిహద్దులు దాటాయి. 2023 నవంబరులో గిప్పీ గ్రేవాల్ ఇంటిపై, 2024 సెప్టెంబరులో ఎ.పి.ధిల్లాన్ ఇంటిపై కెనడాలోనే కాల్పులు జరిగాయి. 2025 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వం బిష్ణోయ్ ముఠాను ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. అంతకు ముందే, 2024 జనవరిలో, మన హోంశాఖ గోల్డీ బ్రార్‌ను ఉగ్రవాదిగా ప్రకటించింది. ప్రకటనలు రెండు రాజధానుల్లోనూ వెలువడ్డాయి. బెదిరింపు ఫోన్ వచ్చిన యువ గాయకుడు నిర్భయంగా వెళ్లి చెప్పుకోగల పోలీసు అధికారి తన జిల్లాలో ఉన్నాడా అన్నది వేరే ప్రశ్న. డబ్బు చెల్లించి నోరు మూసుకోవడమే క్షేమమని అతడు నిర్ణయించుకున్నంతకాలం ముఠా లెక్కలు పోలీసు పుస్తకాల్లోకి రావు.

మూసేవాలా తల్లిదండ్రులకు 2024 మార్చిలో, వయసు మళ్లిన తరువాత, మరో మగబిడ్డ పుట్టాడు. మూసా గ్రామానికి మళ్లీ అభిమానులు తండోపతండాలుగా తరలివచ్చారు. వచ్చినవారి చేతుల్లో మిఠాయి పొట్లాలు, ఫోన్లు ఉన్నాయి.