రింగు ఎక్కడ నిలబడి వేస్తావు?

కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతరకు వెళ్లినవాళ్లకు రింగులాట అంగడి గురించి చెప్పక్కర్లేదు. నేల మీద పరదా, దాని మీద సబ్బులు, పౌడరు డబ్బాలు, పింగాణీ బొమ్మలు, నట్టనడుమ ఊరించే గోడగడియారం. అంగడివాడు అడ్డంగా కర్ర కట్టి, ఇక్కడే నిలబడి వెయ్యమంటాడు. ఆ కర్ర తీసేసి, నీకు నచ్చిన చోట నిలబడి వేసుకో అన్నాడనుకో. తమ్ముడూ, చెల్లెమ్మా, మీరెక్కడ నిలబడతారు?

ఈ ప్రశ్న నేను పుట్టించింది కాదు. హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం చెప్పే డేవిడ్ మెక్లెలాండ్ అనే ఆయన దీన్ని పట్టుకుని 1964లో మన కాకినాడ దాకా వచ్చాడు. కొందరు వ్యాపారంలో ముందుకు ఎందుకు దూకుతారు, కొందరు ఉన్నచోటే ఎందుకు ఉండిపోతారు అన్నది ఆయన పట్టుకున్న చిక్కుముడి. డబ్బా, కులమా, ఇంగ్లీషు చదువా? గదిలో గుంజ నిలబెట్టి దాని మీదికి రింగులు వేయించిన ఆటలో ఆయనకు ఒక జవాబు దొరికింది. కొంతమంది గుంజకు ఆనుకున్నంత దగ్గర నిలబడతారు. రింగు పడుతుంది, పడ్డందుకు సంబరం మాత్రం ఉండదు. కొంతమంది గది చివరికి పోయి విసురుతారు. పడితే అదృష్టం, పడకపోతే ‘అంత దూరం నుంచి ఎవడికి పడుతుందిలే’ అని సర్దుకుంటారు. ఏదైనా సాధించాలన్న తపన ఉన్నవాళ్లు మాత్రం మధ్యలో ఒక చోటు వెతుక్కుంటారు. అక్కడ తప్పే వీలుంది, గురి కుదిరితే పడే వీలూ ఉంది. తప్పితే అర అడుగు జరిగి మళ్లీ వేస్తారు.

కాకినాడ నుంచి వ్యాపారులను జట్లుజట్లుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు తీసుకెళ్లి, పది రోజులపాటు ఈ అలవాటు నేర్పించారు. యూసఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఇ అని పిలుస్తున్నది దాన్నే. మొత్తం 52 మంది. తర్వాత వాళ్లేం చేశారో కనిపెట్టి చూసి, డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో పుస్తకం వేశాడు మెక్లెలాండ్. శిక్షణ తీసుకోనివాళ్లతో పోలిస్తే వీళ్లలో ఎక్కువమంది కొత్తగా పెట్టుబడి పెట్టారు, కొత్తగా మనుషులకు పని ఇచ్చారు. పూజలు, పట్టింపులు, కులాచారాలు కాళ్లకు అడ్డం పడతాయని పెద్దపెద్దవాళ్లు అనుకుంటున్న రోజులవి. అవేవీ అడ్డం పడలేదు.

మరి అనకాపల్లి జిల్లాలోని మన రావికమతం సంగతి చూద్దాం. బి.ఎన్. రోడ్డు మీద టీకొట్టు దగ్గర డిగ్రీ అయిన ఏ కుర్రాణ్ని పలకరించినా ఒకటే మాట: ‘ఏటి సేత్తాం బాబూ, నోటిఫికేషన్ కోసం సూత్తన్నాం.’ సర్కారు కొలువు వద్దని నేననను. నేనూ కొన్నేళ్లు గ్రూప్స్ గైడ్లు చంకన పెట్టుకుని తిరిగినవాణ్ణే. కానీ ఒక్క లెక్క వెయ్యి. టీచరు కొలువులకు 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ డీఎస్సీ నియామకాలు జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. నడుమ ఏడేళ్లు. ఏడేళ్లకొకసారి చేతికొచ్చే రింగుతో గురి ఎలా కుదురుతుంది? గుంజ ఎంత దూరంలో పాతాలో, అసలు పాతాలో వద్దో కూడా నీ చేతిలో లేదు. దాన్ని వదలమనడం లేదు. ఆ ఒక్క రింగే పట్టుకుని కూర్చోవద్దంటున్నాను.

అచ్యుతాపురంలో షిఫ్టు, పరవాడలో ఫార్మా కంపెనీ అంటే గుంజ పక్కనే నిలబడడం. అదీ తప్పు కాదు, ఇల్లు గడవాలి. అయితే అక్కడున్న నాలుగేళ్లూ కళ్లు తెరిచి ఉంచు. సరుకు ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది, పాడైన సరుకును ఏం చేస్తున్నారు అన్నది చూడు. జీతంతో పాటు వచ్చే ఈ రెండో జీతాన్ని చాలామంది గేటు దగ్గరే వదిలేసి వస్తారు.

ఇక నడిమి దూరం. అది నీ కళ్ల ముందే ఉంది, రోజూ చూడడం వల్ల కనపడడం లేదు.

చలికాలంలో చెరకు గానుగ దగ్గరికి ఎప్పుడైనా వెళ్లి గంటసేపు నిలబడ్డావా? పెనంలో రసం తెర్లుతుంటుంది. కింద మంటకు ఆ చెరకు పిప్పే. సున్నం నీళ్లు పడగానే మడ్డి పైకి తేలుతుంది, దాన్ని తీసి పారేస్తారు. పాకం ముదిరే వేళకు వండే పెద్దాయన చిటికెడు తీసి నీళ్లలో వేసి, వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. ఆ ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే దిమ్మ సరిగా కట్టదు. పది టన్నుల చెరకుకు ఇంచుమించు ఒక టన్ను బెల్లం. అంత ఒడుపూ ఆయన వేళ్లలో ఉంది, ధర మాత్రం అనకాపల్లి మార్కెట్లో వేలం పాడేవాడి నోట్లో ఉంది. పచ్చగా మెరిస్తేనే రేటంటారని కొందరు హైడ్రోస్ అనే మందు కలుపుతారు. ఇప్పుడు పట్నాల్లో మందు కలపని ముదురు రంగు బెల్లం కావాలని వెతుక్కునేవాళ్లున్నారు, బెల్లం పొడిని టీలో వేసుకునేవాళ్లున్నారు. దిమ్మకూ ఆ పొట్లానికీ నడుమ జల్లెడ, ఆరబెట్టే చోటు, తడి తగలని కవరు, ఆహార భద్రత లైసెన్సు, నమ్మకం నిలబెట్టుకునే ఒక పేరు ఉంటే చాలు. పెద్దాయన వేళ్లకు నీ డిగ్రీ తోడైతే చాలు. ఈ రింగు ఏడేళ్లకోసారి కాదు, వారం వారం వెయ్యొచ్చు. ఈ వారం పొడి గడ్డకట్టిందా? వచ్చే వారం అర అడుగు జరుగు.

చెరకే అననక్కర్లేదు. పక్కనున్న మాడుగుల సంగతి చూడు. రైలు కూత కూడా వినపడని ఊరు అది. గోధుమలు మూడు రోజులు నానబెట్టి, రుబ్బి పాలు తీసి, ఆ పాలను ఒక రోజు పులియనిచ్చి, నెయ్యి పోసి గంటల తరబడి కలియబెడితే వచ్చే హల్వా దేశాలు దాటుతోంది. దంగేటి వారింట మొదలైన ఆ పాకం ఊరి పేరునే తన పేరు చేసుకుంది. గోధుమ మన పంట కూడా కాదు!

లక్క బొమ్మల ఏటికొప్పాక మాట కూడా చెప్పుకోవాలి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న బొమ్మకు లక్క కర్రను ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. చవక రసాయన రంగులు ఆ పనిని తినేస్తున్న కాలంలో ఆ ఊరి సి.వి. రాజుగారు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగుల వైపు మళ్లారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ అన్నమాట. ఒక బొమ్మకు రంగు కుదరకపోతే ఇంకో బొమ్మ, ఇంకో ఆకు, ఇంకో గింజ. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకు పద్మశ్రీ. ఆ మధ్య ఏళ్లన్నీ అర అడుగుల లెక్కే.

డబ్బో అంటావు. సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకు పి.ఎం.ఇ.జి.పి. అని కేంద్రం పథకం ఒకటి ఉంది. పల్లెల్లో యూనిట్ పెడితే బీసీ, ఎస్సీ, ఎస్టీలు, ఆడవాళ్లు వంటి ప్రత్యేక వర్గాలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, జనరల్ వర్గంవారికి 25 శాతం రాయితీ. నువ్వు పెట్టుకోవలసింది 5 శాతమో 10 శాతమో. ఇప్పటి లెక్క ఎంతో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడుగు. అయితే ఒక మాట, సబ్సిడీ వస్తోందని మాత్రం యూనిట్ పెట్టకు. అలా పెట్టిన షెడ్లలో ఇప్పుడు గేదెలు పడుకుంటున్నాయి. ముందు ఇంటి వంటగదిలో పది కిలోలు చేసి అమ్ము. కొన్నవాడు రెండోసారి వచ్చి అడిగితే అప్పుడు బ్యాంకు గుమ్మం ఎక్కు.

ఇక్కడ పెద్దవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. కాకినాడలో ఇంకో సంగతి బయటపడింది. శిక్షణ పొందినవాళ్లలో బాగా మారింది తమ వ్యాపారం తమ చేతిలో ఉన్నవాళ్లే. పెత్తనం ఇంకొకరిదైతే తపన నేర్చుకున్నా దాన్ని పెట్టే చోటు ఉండదు కదా. అన్నా, వదినా, మీ అబ్బాయికి ఎకరం చెరకులో పది సెంట్లు ఇవ్వండి. మీ అమ్మాయికి ఒక పెనం బెల్లం అప్పగించండి. లాభం వచ్చినా నష్టం వచ్చినా ఆ లెక్క వాళ్లదే. నష్టం వస్తే ‘మేం ముందే సెప్పలేదా’ అన్న మాట ఒక్క ఏడాది మింగండి. కట్నానికి, కోచింగుకు, లంచానికి పోసే డబ్బుతో చూస్తే ఇది ఏపాటి?

ఈసారి గానుగ మొదలయ్యే వేళకు ఒక నోటుపుస్తకం కొనుక్కో. ఎంత చెరకు పడింది, ఎంత రసం వచ్చింది, ఎంత బెల్లం దిగింది, కూలి ఎంత, కవరు ఎంత, విశాఖ దాకా బస్సు లగేజీ ఎంత, అన్నీ అందులో రాయి. ఊహించి రాయకు, అక్కడ నిలబడి అడిగి రాయి. పెద్దాయన విసుక్కుంటే బీడీ కట్ట ఒకటి ఇవ్వు, చెబుతాడు. ఆ లెక్క నాలుగు పేజీలకొచ్చాక పుస్తకం పట్టుకుని మా ఇంటికి రా. టీ నేను పెడతాను. తప్పులు ఇద్దరం కూర్చుని వెతుకుదాం.