ఎలుకకు మేలు చేసింది సరే, మనిషికో?

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తన బృందంతో కలిసి రెండు పనులు చేశారు. ముందు ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించారు. ఆ తర్వాత అదే విటమిన్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను లోకానికి ఇచ్చారు. ఫోలేట్ అందకపోతే కణం రెండుగా చీలలేదు, క్యాన్సర్ అక్కడే ఆగుతుంది. కానీ ఒంట్లో చకచకా చీలే కణాలు క్యాన్సర్‌వి మాత్రమే కావు, వృషణాల్లో వీర్యకణాలకు పుట్టుకనిచ్చేవీ అలాంటివే. అందుకే మెథోట్రెక్సేట్ ఎక్కించిన మగ ఎలుక వీర్యం చుక్కను గీతల గాజుపలక మీద వేసి లెక్కపెడితే కణాలు పలచబడి కనిపిస్తాయి, ఉన్నవాటిలోనూ చాలావాటికి చలనం ఉండదు. వీర్యకణం పొర నిండా తేలిగ్గా ఆక్సీకరణకు లోనయ్యే కొవ్వులే, దాన్ని కాచుకునే ఎంజైములు మాత్రం తక్కువ. మందుతోపాటు ఆక్సీకరణను అడ్డుకునే సి, ఇ విటమిన్లు ఇచ్చిన ఎలుకల్లో ఆ నష్టం తగ్గినట్టు పరిశోధనలు చూపాయి. వాటిని నేను నమ్ముతాను. అసలు విటమిన్-ఇ బయటపడిందే 1922లో, ఎలుకల సంతానం మీద జరిగిన ప్రయోగాల్లో.

చిక్కల్లా ఆ ఫలితాన్ని నేరుగా మందుల షాపుకు మోసుకురావడంలోనే ఉంది. ఎలుక తన విటమిన్-సిని తన కాలేయంలోనే తయారు చేసుకుంటుంది, మనిషికి ఆ శక్తి లేదు. కాబట్టి దాని మోతాదు మన మోతాదు కాదు. సంతానం కోసం వైద్యం చేయించుకుంటున్న 2,370 జంటల మీద అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. మగవారికి ఆరు నెలలు ఫోలిక్ ఆమ్లం, జింకు ఇచ్చినా కాన్పులు పెరగలేదు, పైగా వీర్యకణాల్లో డీఎన్ఏ తెగడం కాస్త ఎక్కువైంది. వారు కీమో రోగులు కారన్నది నిజమే. కానీ కీమో రోగుల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కొన్ని కీమో మందులు క్యాన్సర్ కణాన్ని చంపడంలో ఆక్సీకరణకూ పాత్ర ఉంది, దాన్ని ఆపబోయి వైద్యాన్నే నీరుగార్చవచ్చు.

‘విటమినే కదా, పోయేదేముంది?’ అంటారు. పోయేది సమయం. క్యాన్సర్ వచ్చిన ఓ చోడవరం కుర్రాడికి విశాఖలో కీమో మొదలుపెట్టేముందు వీర్యాన్ని శీతలీకరించి దాచుకునే దారి ఉంది. గోలీల భరోసాతో ఆ నాలుగు రోజులూ గడిచిపోతే, సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందుల తర్వాత దాచడానికి ఏమీ మిగలకపోవచ్చు. పెళ్లికాని కొడుకు విషయంలో ఈ మాట ఎత్తడానికి తల్లిదండ్రులు సిగ్గుపడతారు, తీరికలేని డాక్టరు మరిచిపోతాడు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారు ఇది చదివి మందు మానకండి, పిల్లల ఆలోచన ఉంటే డాక్టరుకు చెప్పండి. కీమో రాసిన రోజున మాత్రం మొదటి సీసా ఎక్కించకముందే వీర్యం దాచుకునే సంగతి మీరే అడగండి.