పెరటి ఇల్లు: చట్టం సరే, అనుమతి ఏదీ?

అసలు ఇంటి వెనక చిన్న ఇల్లు వేసి తల్లిదండ్రులను ఉంచుకోవడం, లేదా అద్దెకివ్వడం మనకు కొత్త కాదు. తెలుగు ఊళ్లలో 'వెనక పోర్షన్' అంటే తెలియనివారుండరు. అమెరికాలో మాత్రం ఒక స్థలంలో ఒకే కుటుంబం ఉండాలన్న జోనింగ్ నిబంధనలు ఈ అలవాటును చాలా నగరాల్లో దాదాపు తుడిచిపెట్టాయి. సొంతిల్లు మధ్యతరగతికి అందకుండా పోయాక అక్కడి ప్రభుత్వాలే దాన్ని 'ఏడీయూ' (యాక్సెసరీ డ్వెల్లింగ్ యూనిట్, అంటే అనుబంధ నివాసం) అన్న పేరుతో వెనక్కి పిలుస్తున్నాయి. ఏ నగరం ఏ షరతు పెట్టింది, ఎంత రుసుము వేసింది అని పోల్చి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. కట్టుకోవచ్చని చట్టంలో రాసినంత మాత్రాన ఇళ్లు లేవవు. నిబంధనలకు సరిపోయిన ప్లాన్‌కు గడువులోగా, భరించగలిగే రుసుముతో, ఎవరినీ బతిమాలుకోకుండా అనుమతి దొరికినప్పుడే లేస్తాయి.

కాలిఫోర్నియా అనుభవమే ఇందుకు రుజువు. రెండో ఇంటికి వీలు కల్పించే చట్టం అక్కడ 1982లోనే వచ్చింది. షరతులు పెట్టే అధికారం మాత్రం నగరాల చేతుల్లోనే ఉండిపోయింది. స్థలం ఇంత విస్తీర్ణం ఉండాలని, కారుకు అదనంగా చోటు చూపాలని, యజమాని అక్కడే కాపురం ఉండాలని, నీటి, మురుగు కనెక్షన్లకు భారీగా చెల్లించాలని నగరాలు నియమాలు పేర్చాయి. విడిగా చూస్తే ఏదీ నిషేధం కాదు, అన్నీ కలిస్తే నిషేధమే. 2016లో రాష్ట్రమంతటా ఇలాంటి ఇళ్లకు దొరికిన పర్మిట్లు వెయ్యి పైచిలుకే. 2017 జనవరి నుంచి ఒక విడత, 2020 జనవరి నుంచి మరో విడత అమల్లోకి వచ్చిన చట్టాలు ఈ అడ్డంకులను తొలగించాయి. 800 చదరపు అడుగుల లోపు, 16 అడుగుల ఎత్తు మించకుండా, పక్కలా వెనకా నాలుగేసి అడుగులు వదిలి కట్టే ఇంటిని నగరం కాదనడానికి వీల్లేదు. దరఖాస్తును బహిరంగ విచారణ లేకుండా 60 రోజుల్లో తేల్చాలి. 750 చదరపు అడుగుల లోపు ఇంటికి ఇంపాక్ట్ ఫీజు, అంటే కొత్త కట్టడాలపై సదుపాయాల కోసం వేసే రుసుము, ఉండదు. 2022 నాటికి ఏడాదికి పర్మిట్లు 20 వేలు దాటాయి. ఆ ఆరేళ్లలో పెరళ్లేమీ పెరగలేదు, నిబంధనలు మారాయి.

మిగతా నగరాలూ ఇదే మాట చెబుతున్నాయి. ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ 2010లో పెరటి ఇళ్లకు అభివృద్ధి రుసుములు ఎత్తేసింది. ఏడాదికి పదుల్లో ఉండే పర్మిట్లు కొన్నేళ్లకే వందల్లోకి చేరాయి. సియాటిల్ 2010లోనే ఈ ఇళ్లను నగరమంతటా అనుమతించినా, యజమాని కాపురం, పార్కింగ్ షరతులు ఉన్నంతకాలం కట్టినవారు కొద్దిమందే. 2019లో ఆ రెండింటినీ తీసేసి, ఒక్కో స్థలంలో రెండు ఏడీయూలకు, వెయ్యి చదరపు అడుగుల దాకా వీలిచ్చాక మూడేళ్లలో పర్మిట్లు మూడింతలు దాటాయి. డల్లాస్ దారి వేరు. 2018లో చేసిన నియమం ప్రకారం అద్దెకిచ్చే పెరటి ఇల్లు కావాలంటే ఆ ప్రాంతమంతటికీ ప్రత్యేక జోనింగ్ తెచ్చుకోవాలి, లేదా యజమాని నగర బోర్డు ముందు నిలబడి మినహాయింపు కోరాలి. అనుమతి ఉన్నట్టే ఉంటుంది, దాన్ని అందుకోవడమే కష్టం.

ఖర్చు లెక్క చూస్తే అనుమతి ఎందుకంత కీలకమో అర్థమవుతుంది. బర్క్లీలోని టెర్నర్ సెంటర్ 2021లో ప్రకటించిన సర్వే ప్రకారం కాలిఫోర్నియాలో ఏడీయూ మధ్యస్థ ఖర్చు లక్షన్నర డాలర్లు, అంటే చదరపు అడుగుకు 250 డాలర్లు. స్థలం ఎలాగూ సొంతమే కాబట్టి కొత్త ఇంటితో పోలిస్తే ఇది చౌక. కానీ ఇల్లు చిన్నదైనంత మాత్రాన వంటగది, బాత్‌రూమ్, మురుగు పైపు, కరెంటు లైను ఖర్చులు ఆ మేరకు తగ్గవు. వాటిపైన వేల డాలర్ల రుసుము, నెలల తరబడి నిరీక్షణ తోడైతే ముందుగా వెనక్కి తగ్గేది చిన్న ఇల్లు కట్టుకోదలచిన సామాన్యుడే. అందుకే ప్రతి నగరమూ 2025 జనవరి 1 నాటికి ముందే ఆమోదించిన ప్లాన్లను అందుబాటులో పెట్టాలని కాలిఫోర్నియా ఆదేశించింది. వాటితో వచ్చిన దరఖాస్తుపై 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఈ మార్పు ఖజానాకు పెద్ద భారం కాదు, ఇల్లు కట్టుకునేవారికి మాత్రం డిజైన్ ఖర్చూ కాలమూ కలిసొస్తాయి.

అభ్యంతరాలను తేలిగ్గా కొట్టిపారేయలేం. వీధుల్లో కార్లు పెరుగుతాయన్నది మొదటిది. అందుకే కాలిఫోర్నియా చట్టం బస్సు, రైలు సౌకర్యానికి అరమైలు లోపు ఉన్న ఇళ్లకు పార్కింగ్ షరతు తీసేసి, మిగతాచోట్ల ఒక్క కారుకు పరిమితం చేసింది. ఈ ఇళ్లు పర్యాటకుల బసలుగా మారతాయన్నది రెండోది. పోర్ట్‌లాండ్ 2018లో, రుసుము మాఫీ కావాలంటే పదేళ్లపాటు ఆ స్థలాన్ని రోజువారీ అద్దెకు ఇవ్వకూడదని మెలిక పెట్టింది. ఆ భయానికి అదే తగిన మందు. స్థలమూ రుణమూ ఉన్నవారికే ఈ అవకాశమన్నది మూడోది, అన్నిటికన్నా బలమైనది. ఆ లోటు తీర్చడానికి కాలిఫోర్నియా ఒక్కొక్కరికి 40 వేల డాలర్ల దాకా ఇచ్చిన గ్రాంటు నిధులు త్వరగా అయిపోయాయి కూడా. అయినా ఈ అభ్యంతరం అనుమతిని బిగించడానికి కారణం కాదు, రుణసాయాన్ని పెంచడానికి కారణం. అనుమతి బిగిస్తే కట్టడం ఆగదు, చాటుకు పోతుంది. అలా చాటుగా 2020కి ముందు కట్టిన ఏడీయూలను క్రమబద్ధం చేసుకోవడం సులువు చేస్తూ కాలిఫోర్నియా 2024లో మరో చట్టం తేవలసి వచ్చింది. 2015లో భవన క్రమబద్ధీకరణ పథకం పెట్టిన తెలంగాణకూ ఈ సంగతి కొత్త కాదు. 600 చదరపు గజాల లోపు స్థలాల్లో 10 మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇవ్వాలన్న అక్కడి 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం వెనక ఉన్నదీ నిబంధన పాటిస్తే అనుమతి ఖాయమన్న ఇదే సూత్రం.

బే ఏరియాలో, సియాటిల్, డల్లాస్ శివార్లలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు ఇది సొంత విషయం. వృద్ధులైన అమ్మానాన్నలు దగ్గరే, అయినా తమ వంట తాము చేసుకుంటూ, తమ తలుపు తాము వేసుకుని ఉండగలిగే ఏర్పాటు ఇది. ఇళ్ల యజమానుల సంఘాలు ఏడీయూలను నిషేధించినా చెల్లదని కాలిఫోర్నియా 2019లోనే తేల్చింది. ఆ రక్షణ అన్ని రాష్ట్రాల్లోనూ లేదు. కాబట్టి అక్కడి తెలుగువారు తమ నగర నిబంధనలు చదవాలి, కౌన్సిల్ విచారణలకు వెళ్లాలి, నోరు తెరిచి అడగాలి. నిబంధన పాటించిన ప్రతి ఒక్కరికీ గడువులోగా అనుమతి దొరకాలి. ఆ హామీ లేని చట్టం ఎంత ఉదారంగా కనిపించినా, దానితో ఒక్క ఇంటి పునాది కూడా పడదు.