హైదరాబాద్ పేరు మోసిన విమానం

లండన్ శివార్లలో హెండన్ అనే చోట రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఉంది. అక్కడ మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ ఒకటుంది. కర్ర చట్రం మీద గుడ్డ బిగించి కట్టిన రెండంతస్తుల రెక్కల డీహెచ్ 9ఎ. దాని నంబరు ఎఫ్ 1010. 1918లో అది జర్మనీ మీదికి వెళ్లినప్పుడు దాని పక్కభాగాన, ఇది హైదరాబాద్ నిజాం ఇచ్చిన కానుక అని రాసి ఉండేది.

ఒక్క విమానం కాదు. బ్రిటిష్ వాయుసేనలోని 110వ స్క్వాడ్రన్‌కు మొదట వచ్చిన విమానాలన్నీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఖర్చుతో వచ్చినవే. అందుకే ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. దాని చిహ్నంలో పులి బొమ్మ కూడా హైదరాబాద్ గుర్తుగానే చేరింది. 1918లోనే నిజాంకు బ్రిటిష్ ప్రభుత్వం ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న బిరుదునిచ్చింది.

ఆ విమానంలో కూర్చున్నవాళ్లను తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మనుషులు ఇద్దరే. ముందు పైలట్, వెనక అబ్జర్వర్. తలమీద కప్పు లేదు. వేల అడుగుల ఎత్తున, గడ్డకట్టే గాలిలో, తోలు కోట్లు తొడుక్కుని గంటల తరబడి ప్రయాణం. విమానానికి నిప్పంటుకుంటే దూకడానికి పారాచూట్ లేదు. అప్పటి బ్రిటిష్ విమానాల్లో ఎవరికీ ఇవ్వలేదు. తోడుగా యుద్ధ విమానాలు రావు. పట్టపగలు, గుంపుగా, రెక్క పక్కన రెక్కగా వెళ్లాలి. వెనక కూర్చున్నవాళ్ల లూయిస్ తుపాకులే అందరికీ కాపలా. ఇంజను మొరాయించి ఒకరు వెనకబడ్డారంటే శత్రు విమానాలన్నీ వాళ్లమీదే పడతాయి. అంతకుముందున్న డీహెచ్ 9కు ఇంజను చాలక ఎందరో పోయారు. ఆ లోటు తీర్చడానికే దీనికి 400 హార్స్‌పవర్ అమెరికన్ లిబర్టీ ఇంజను పెట్టారు. అదీ చాల్లేదని రెండు నెలల్లోనే తేలిపోయింది.

1918 సెప్టెంబర్ 14న స్క్వాడ్రన్ ఫ్రాన్స్‌లోని తన స్థావరం నుంచి మొదటి దాడి చేసింది. అదే నెల 25న ఫ్రాంక్‌ఫర్ట్ మీదికి వెళ్లింది. అక్టోబర్ 5న కైజర్స్‌లాటర్న్ వైపు వెళ్లినప్పుడు నాలుగు విమానాలు తిరిగి రాలేదు. అందులో ఎఫ్ 1010 ఒకటి. దాన్ని నడిపిన కెప్టెన్ ఇంగ్లిస్, వెనకున్న సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ శత్రువుల నేలమీద దిగి ఖైదీలయ్యారు. అక్టోబర్ 21న ఒక్కరోజే ఏడు విమానాలు పోయాయి. ఆ తరువాత మూడు వారాలకు యుద్ధం ఆగిపోయింది.

ఆ కుర్రాళ్ల తెగువకు దండం పెడతాను. కానీ వాళ్లు వదిలిన బాంబుల సంగతీ మాట్లాడుకోవాలి. అంత ఎత్తు నుంచి వేస్తే రైలు పట్టాల మీద పడాల్సింది పక్కనున్న ఇళ్లమీదా పడుతుంది. ఆ బాంబర్ స్క్వాడ్రన్లన్నిటికీ అధిపతి అయిన ట్రెంచర్డ్‌కు అది తెలుసు. ఊళ్లలోని జనం గుండె చెదరడం కూడా ఫలితమే అని ఆయన లెక్క. మన ఊరి పేరు రాసిన విమానాలు ఆ పని చేశాయి. పులి బొమ్మను చూసి పొంగిపోయి, ఆ ఇళ్లను మరచిపోవడానికి నాకు మనసొప్పదు.

ఇంకో మాట. ఆ విమానాలు కొన్న సొమ్ము ప్రభుత్వ దివాణీ ఖజానాది కానివ్వండి, నిజాం సొంత సర్ఫెఖాస్ ఆదాయం కానివ్వండి, దాని కింద శిస్తు కట్టిన రైతు ఉన్నాడు. 1918లో దేశమంతటా వానలు ముఖం చాటేశాయి. ఆ కరువు మీద ఇన్‌ఫ్లూయెంజా వచ్చి పడింది. ఫ్రాన్స్‌లో హైదరాబాద్ పేరిట ఇంజన్లు మోగుతున్న ఆ వారాల్లోనే దక్కన్‌లో పాడెలు లేస్తున్నాయి. తెలంగాణ పల్లెలో పొలం ఎండిన మనిషికి తన పేరిట ఎక్కడో బాంబు పడుతోందని ఎవరు చెప్పి ఉంటారు?

దొరికిన ఎఫ్ 1010ను జర్మన్లు దాచుకుని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే భద్రంగా ఉంటుందని పోలండ్‌కు తరలించారు. బాంబులేసిన విమానం బాంబులకు జడిసి ఊరు మారింది. తరువాత చాలాకాలం క్రాకోవ్‌లో ఉంది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకుని, శ్రద్ధగా బాగుచేయించింది. హైదరాబాద్ స్క్వాడ్రన్ మాత్రం మొదటి యుద్ధం తరువాత రద్దయినా, ఆ పేరుతోనే మళ్లీ ఏర్పడి, 1939 సెప్టెంబర్ 4న రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చేసిన తొలి బాంబు దాడిలోనూ పాల్గొంది. చివరికి 1971లో సింగపూర్‌లో దాన్ని రద్దు చేశారు.

ఒక గుడ్డ విమానం కోసం బ్రిటన్ అంత తాపత్రయపడింది. మరి మనం? హైదరాబాద్ తార్నాకలో మన రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నిజాం జమానా కాగితాలు ఉర్దూలో, ఫార్సీలో అక్కడ గుట్టలుగా ఉన్నాయి. ఆ లిపి చదవగలిగిన యువ పరిశోధకులను నేను వేడుకునేది ఒకటే. ఆ విమానాలకు డబ్బు ఏ పద్దు కింద, ఏ తేదీన మంజూరైందో వెతకండి. దొరికితే, ఆ ఏడాది ఏ తాలూకాలో ఎంత శిస్తు వసూలైందో, ఎందరు చనిపోయారో దాని పక్కనే పెట్టి అచ్చువేయండి.